కాంప్లెక్సులో కుక్కర్లు, కోటలో లెక్కలు

సంక్రాంతి వెళ్ళిన నాలుగైదు రోజులకి, సాయంత్రంపూట, శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో ఓ గంట కూర్చుని చూడండి. మొన్న నేను కూర్చున్నాను. సరదాకి కాదు లెండి, విజయనగరం బస్సు రాక. అవతల హైదరాబాద్ బస్సుకి సామాను ఎక్కిస్తున్నారు. సూట్‌కేసులు తక్కువ, సిమెంటు గోతాలు ఎక్కువ. ఓ గోతంలోంచి కుక్కరు పిడి బయటికి పొడుచుకొచ్చింది. ఇంకో గోతానికి చాప చుట్టి తాడుతో బిగించేరు. ఓ చంటిది తల్లి భుజం మీద నిద్రపోతోంది, పండక్కి కొన్న బూర గుప్పిట్లోంచి జారకుండా.

ఊరుకోలేక పక్కాయన్ని అడిగేను, "ఎక్కడికి బావూ?" అని.

"ఐద్రాబాదండి. తాపీ పని."

"ఊళ్ళో పనుల్లేవా?"

"తమ్ముడి పెళ్లికి అప్పయిపోనాదండి. తీరిపోతే వచ్చెస్తాను."

వెనకాయన్ని అడిగితే పిల్ల చదువు అన్నాడు. ఉద్దానం నుంచి వచ్చిన మూడో ఆయన తిత్లీ తుపానులో కొబ్బరిచెట్లు పోయిన సంగతి చెప్పేడు. 2018 అక్టోబరు మాట అది. కొబ్బరిచెట్టు మళ్ళీ కాపుకి రావాలంటే ఎన్నేళ్ళు పడుతుందో మీకు చెప్పక్కర్లేదు. చంటిదాని తల్లి మాత్రం "నా కరమండి" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

నలుగురివీ నాలుగు కారణాలు. ఎవరి కారణం వాళ్ళకి నిజం. కాని నలభై మంది కర్మలూ కూడబలుక్కుని ఒకే సాయంత్రం, ఒకే కాంప్లెక్సుకొచ్చి, ఒకే ఊరి బోర్డున్న బస్సు ఎక్కుతాయా? మీకూ ఈ అనుమానం వస్తే, సమాజశాస్త్రంలో మొదటి పాఠం అయిపోయినట్టే. 1959లో సి. రైట్ మిల్స్ అనే అమెరికా ప్రొఫెసరు ఈ అనుమానం మీదే ఓ పుస్తకం రాసేడు. ఊరు మొత్తం మీద ఒక్కడికి పని లేకపోతే అది వాడి ఇబ్బంది, వాడి చేతకానితనం కూడా కావచ్చు. ఊళ్ళో సగం మందికి పని లేకపోతే మాత్రం వాళ్ళ చేతులు చూసి లాభం లేదు, ఊరిని చూడాలంటాడు.

ఇదంతా ఎందుకు మొదలెట్టేనంటే, మా వీధిలో ఓ గుంట ఉంది. డిగ్రీలో సోషియాలజీ తీసుకుంది. నేను రిటైరైన తెలుగు మేస్టర్నని తెలిసి కూడా, పుస్తకాలున్న ఇల్లు కదాని ఓ సాయంత్రం గైడు పట్టుకుని వచ్చింది.

"ఇదేటండీ మేస్టారూ, ఎక్కడ తిప్పినా పేర్లే. సమాజశాస్త్ర పితామహుడు ఆగస్ట్ కామ్టే అట..."

"కామ్టే కాదమ్మా. ఫ్రెంచివాళ్ళు కోంత్ అంటారు."

"గైడులో కామ్టే అనే ఉందండి."

"అయితే కామ్టే అనే రాయి. పేపరు దిద్దే ఆయనా ఆ గైడే చదివుంటాడు."

పాపం కోంత్ కథ గైడులో ఉన్నంత నీరసంగా ఏం ఉండదు. 1798లో పుట్టేడు. అప్పటికి ఫ్రెంచి విప్లవం మొదలై తొమ్మిదేళ్ళు. రాజు తల తెగింది, చర్చి పట్టు సడలింది, ఊళ్ళు వదిలి జనం పట్నాలకి, ఫ్యాక్టరీలకి పోతున్నారు. మనుషుల్ని ఇన్నాళ్ళూ కట్టి ఉంచిన తాడు తెగిపోతే ఇంకేం కట్టి ఉంచుతుంది అని ఆయన బెంగ. గ్రహాలకి సూత్రాలున్నట్టే సమాజానికీ ఉంటాయని నమ్మి, ఆ చదువుకి మొదట 'సామాజిక భౌతికశాస్త్రం' అని పేరెట్టేడు. ఈలోగా కెట్లే అనే బెల్జియం లెక్కలాయన అదే పేరు తన పుస్తకానికి వాడేసుకున్నాడు. కోంత్‌కి ఒళ్ళు మండి, 1839లో 'సోషియాలజీ' అనే కొత్త మాట అచ్చులోకి తెచ్చేడు. ముందుభాగం లాటిను, వెనకభాగం గ్రీకు. మా తెలుగు మేస్టర్ల భాషలో చెప్పాలంటే శుద్ధ వైరిసమాసం. చిన్నయసూరి చూస్తే ఎర్రసిరాతో కొట్టేసేవాడే. మన గిడుగు రామమూర్తి పంతులు మాత్రం, జనం వాడుతున్నారుగా, ఇంకేం కావాలి అనుండేవాడు.

ఈ చదువు కోంత్‌తోనే పుట్టిందా అంటే అదీ లేదు. 1377లోనే ఉత్తర ఆఫ్రికాలో ఇబ్న్ ఖల్దూన్ అనే పండితుడు, రాజ్యాలు ఎందుకు లేస్తాయి, ఎందుకు కూలతాయి అన్నదానికి మనుషుల్ని కలిపి ఉంచే బంధంలో కారణం వెతికేడు. కాని బారసాల చేసినవాడే తండ్రి అని లోకరీతి. ఆ తండ్రిగారు చివరి రోజుల్లో మానవజాతిని పూజించే ఓ మతం స్థాపించి, దానికి తనే పెద్ద పూజారిగా కూర్చున్నాడు. గైడులో ఈ సంగతి లేదు.

గుంటకి ఇంకా ఉత్సాహం రాలేదు. "పేరెట్టిన కత బాగుందండి. కాని ఈళ్ళు సేసిందేటి?"

అప్పుడు తట్టింది నాకు. ఫ్రాన్సు దాకా ఎందుకు, మా ఇంటికి మైలు దూరంలో కోట ఉండగా.

కన్యాశుల్కం మీరంతా చదివే ఉంటారు, లేకపోతే సినిమా అయినా చూసి ఉంటారు. గిరీశం, మధురవాణి గుర్తుంటారు. పుస్తకం మొదట ఇంగ్లీషులో ఓ ముందుమాట ఉంటుంది, దాన్ని మనం ఎప్పుడూ తిప్పేస్తాం. 1897లో మొదటి అచ్చుకి గురజాడ రాసినది. అందులో ఓ లెక్క ఉంది. విజయనగరం మహారాజా ఆనంద గజపతి, కన్యాశుల్కాన్ని చట్టంతో ఆపే ఆలోచన మీద, విశాఖపట్నం జిల్లాలో మామూలు బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళ జాబితా రాయించేడు. శ్రీకాకుళం పట్నం అప్పట్లో గంజాం జిల్లా కిందికి వచ్చేది కాబట్టి ఆ లెక్కలోకి రాదు. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం వైపంతా వస్తుంది. జాబితా సమగ్రం కాదని గురజాడే ఒప్పుకున్నాడు. అయినా తేలిన పెళ్ళిళ్ళు 1034.

పిల్లల వయసులు చూడండి. అయిదేళ్ళవాళ్ళు 99 మంది. నాలుగేళ్ళవాళ్ళు 44. మూడేళ్ళవాళ్ళు 36. రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు.

మా గుంట ఫోను తీసి కూడింది. "నూటెనబై ఎనిమిది మేస్టారూ. అంటే వందకి పద్దెనిమిది మంది." ఫోను పక్కనెట్టి కాసేపు ఏమీ అనలేదు.

ఈ జాబితా పట్టుకుని తిరిగిన గుమాస్తాల్ని తల్చుకుంటాను నేను అప్పుడప్పుడు. అగ్రహారం అరుగు మీద కూర్చుని, ఏ శాస్త్రిగారినో, "పిల్లకి వయసెంతండి, ఎంతకి కుదిరిందండి" అని అడిగి ఉంటారు. ఆయన తడుముకోకుండా చెప్పి ఉంటాడు కూడా. సిగ్గుపడే పని అనుకుంటేగా దాచడానికి!

ఇక్కడ ఓ చిత్రమైన సంగతి. సరిగ్గా అదే 1897లో, ఫ్రాన్సులో బోర్డో యూనివర్సిటీ మేస్టరు ఎమీల్ డుర్కైం 'ఆత్మహత్య' అనే పుస్తకం అచ్చేయించేడు. ఆయన మేనల్లుడు మార్సెల్ మోస్ ఆఫీసు కాగితాల్లోంచి 26 వేల మరణాల వివరాలు తీసి వర్గాలుగా రాసిచ్చేడు. ప్రాణం తీసుకోవడం కంటే సొంత విషయం మనిషికి ఇంకేముంటుంది? దాన్ని కూడా పక్కపక్కన పేర్చి చూస్తే, ఏ దేశం లెక్క ఆ దేశానికి ఏడాదికేడాది ఇంచుమించు నిలకడగా ఉంది. ప్రొటెస్టెంట్లలో ఎక్కువ, కాథలిక్కుల్లో తక్కువ. ఒంటరివాళ్ళలో ఎక్కువ, పిల్లాపాపలున్నవాళ్ళలో తక్కువ. పోయినవాళ్ళు ఏటా వేరు, అంకె మాత్రం అదే. అంటే మనిషి బయట నిలబడి మనిషిని నెట్టేది ఏదో ఉందన్నమాట. దానికి డుర్కైం 'సామాజిక వాస్తవం' అని పేరెట్టేడు.

డుర్కైం పుట్టింది 1858లో, జర్మనీ మాక్స్ వెబర్ 1864లో. మధ్యలో 1862లో మన గురజాడ, 1863లో గిడుగు. అంతా ఒక ఈడువాళ్ళే. బోర్డోలో లెక్క శాస్త్రమైంది, విజయనగరంలో నాటకమైంది. నా మట్టుకు నాకు నాటకమే ఇంకో మెట్టు పైనుంది, పక్షపాతం అనుకున్నా సరే. డుర్కైం లెక్కలో మనిషి కనపడడు. గురజాడ 1034 లెక్క ముందుమాటలో పెట్టి, దాని వెనకాలే అగ్నిహోత్రావధాన్లుని, బుచ్చమ్మని, సుబ్బిని నడిపించుకొచ్చేడు.

అగ్నిహోత్రావధాన్లుని దుర్మార్గుడని తిట్టేసి ఊరుకోవడం సులువు. పెద్దపిల్లని అమ్ముకున్నాడు, అది విధవై ఇంటికొచ్చింది. బుద్ధి రాక రెండోదాన్ని పద్దెనిమిది వందలకి ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టబోయేడు. కాని ఆ ధర ఆయన పెట్టింది కాదు, బజారు పెట్టింది. ఆయన రేపు గంగలో దూకినా ఆ ధర ఉంటుంది, ఇంకో అవధాన్లు పుచ్చుకుంటాడు. డుర్కైం చెప్పిన 'బయట నిలబడి నెట్టేది' ఇదే.

ఆ బజారు తర్వాత ఏమైందో చూడండి. మహారాజా తలపెట్టిన చట్టం ముందుకి సాగలేదు. అయినా కన్యాశుల్కం పోయింది. పోయి, డబ్బు దారి మార్చుకుంది. ఇంగ్లీషు చదివి ఉద్యోగం చేసే కుర్రాడికి గిరాకీ పెరిగి, పిల్ల తండ్రి పుచ్చుకునేవాడల్లా ఇచ్చేవాడైపోయేడు. మన పల్లెల్లో చాలా కులాల్లో పిల్లకి ఓలి ఇచ్చేవాళ్ళు, మొగుడు పోతే మారుమనువు ఉండేది. నాలుగు డబ్బులు చేరగానే, పెద్దకులాలవాళ్ళలా కనపడాలని ఓలి మానేసి కట్నం పట్టుకున్నారు. ఎం. ఎన్. శ్రీనివాస్ ఈ పైకి చూసి నడిచే నడకకే 'సంస్కృతీకరణ' అని పేరెట్టి 1952లో పుస్తకంలోకి ఎక్కించేడు. కట్నం తప్పని 1961లో చట్టం వచ్చింది. మీరు మొన్న వెళ్ళిన పెళ్ళిలో ఆ చట్టం ఎక్కడైనా కనపడితే నాకు చెప్పండి.

"మరి ఫంక్షనలిజం అంటేటండి? దానికి పదిమార్కులు" అంది గుంట. పరీక్ష దగ్గరికొస్తే మార్కులే మాట్లాడతాయి.

సిరిమాను ఎప్పుడైనా చూసేరా? దసరా వెళ్ళిన మంగళవారం, మా విజయనగరంలో పైడితల్లమ్మ ఉత్సవం. ముందురోజు సోమవారం తొలేళ్ళు. ఆ రాత్రి రైతులు అమ్మ పేరు మీద విత్తనాలు పుచ్చుకుంటారు. మర్నాడు నిలువెత్తు మనిషికి పదింతలుండే చింతమాను, దాని కొసన పీట, పీట మీద పూజారి. మాను గాల్లోకి లేచి, మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్ళొస్తుంది. ముందు బెస్తవారి వల, పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు. జనం అరటిపళ్ళు విసురుతుంటే పైన పూజారి ఊగుతుంటాడు. ఓసారి ఆ తొక్కిసలాటలో నా ఎడంకాలి చెప్పు పోయింది. పోయిందని ఇంటికొచ్చేదాకా తెలీలేదు. జనంలో నిలబడ్డంతసేపూ నాకు కాలుందన్న సంగతే జ్ఞాపకం లేదు.

ఈ చెప్పు పోవడాన్ని గురించే డుర్కైం 1912లో మరో పెద్ద పుస్తకం రాసేడనుకోండి. ఆస్ట్రేలియా ఆదివాసుల పండుగల గురించి చదివి, నలుగురూ కలిసినప్పుడు పుట్టే ఆ పొంగులో మనిషి తనని తాను మర్చిపోతాడు, ఆ పొంగునే దేవుడంటాడు, నిజానికి అక్కడ వెలిసేది తామంతా ఒకటన్న నమ్మకమే అన్నాడు. ఆస్ట్రేలియా వెళ్ళకుండానే రాసేడు. ఏ పండగైనా, ఏ కట్టుబాటైనా సమాజాన్ని నిలబెట్టడానికి ఏదో పని చేస్తుంటుందని చూసే చూపే ఈ ఫంక్షనలిజం. అమెరికాలో పార్సన్స్, మెర్టన్ దీన్ని ఇంకా సాగదీసేరు. వాళ్ళలో మెర్టనే నాకు నచ్చుతాడు. పైకి కనపడే పని ఒకటి, లోపల జరిగేది ఇంకోటి అంటాడు. సంతకెళ్ళేది వంకాయలకే, కాని మన పల్లెల్లో ఎన్ని సంబంధాలు సంతలో కుదరలేదు!

మరి అదే సిరిమానుని ఇంకో మూల నుంచి చూడండి. కోట బురుజు మీద రాజకుటుంబం కూర్చుని చూస్తుంది. వల పట్టుకుని కింద నడిచేది బెస్తలు. పంచిన విత్తనం ఎవరి పొలంలో పడుతుంది, ఆ పంట ఎవరి గాదెకి చేరుతుంది అని అడిగేరనుకోండి, 'అందరం ఒకటే' అన్న పొంగు కాస్త చల్లారుతుంది. ఇలా అడిగేవాళ్ళ వెనక మార్క్సు ఉంటాడు. మా పక్క పల్లెల్లో బుగత, కంబారి అనే మాటలు వినని ముసలాళ్ళు లేరు. బుగతంటే భూమి ఉన్న యజమాని. కంబారి అంటే ఏడాదికింత గింజలకి ఆ ఇంట్లో కుదిరిన మనిషి. బుగత పెళ్ళిలో కంబారికి కొత్తపంచె, కంబారి ఇంట్లో జబ్బు చేస్తే బుగత ఇంటి నుంచి నూకలు. ఎంత సఖ్యంగా ఉన్నారో అంటాడు ఒకడు. ఏడాది తిరిగేసరికి అప్పు మాత్రం ఎందుకు పెరిగింది అంటాడు ఇంకొకడు.

ఈ రెండో ప్రశ్నని కాళీపట్నం రామారావు మేస్టారు అడిగినట్టు ఏ ప్రొఫెసరూ అడగలేదు. మురపాకలో పుట్టిన మనిషి. 'యజ్ఞం'లో సుందరపాలెం అనే ఊరు కల్పించి, ఓ పాత బాకీ మీద తగువు పెట్టేడు. ఆ ఊరికి రోడ్డొచ్చింది, డబ్బొచ్చింది, బాగుపడిందని అంతా అనుకుంటున్నారు. ఆ బాగు కిందనే, బాకీ పడ్డ అప్పలరాముడి భూమి ఎలా జారిపోయిందో లెక్క చెబుతాడు. పెద్దమనుషుల తీర్పులో ఎక్కడా అన్యాయం వేలెట్టి చూపించలేం. అందరూ ధర్మంగానే మాట్లాడతారు. అప్పలరాముడి కొడుకు ఆఖర్న చేసిన పని మాత్రం చదివిన రాత్రి నిద్రపట్టనివ్వదు. కథల్లో ఇలా ఉంటే, కొండల్లో నిజంగా జరిగింది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర, గిరిజన సంఘం సభకి వెళ్తున్న ఇద్దర్ని భూస్వాముల మనుషులు కాల్చేసేరు. అక్కణ్ణించి శ్రీకాకుళం ఉద్యమం ఏ దారి పట్టిందో మీకు తెలుసు. గిరిజనుల భూమి చేతులు మారకుండా 1959లో వచ్చిన నియంత్రణని 1970లో బిగించేరు, దాన్నే జనం 1/70 అంటారు.

వెబర్‌ని ఒక్క ముక్కలో దాటేస్తాను, ఆయన అభిమానులు క్షమించాలి. జనం ఒకరి మాట ఎందుకు వింటారు అని అడిగేడాయన. తాతల నాటి నుంచి వింటున్నాం కనక వింటాం, కోట మాట అది. మనిషిలో ఏదో మహిమ ఉందని వింటాం. లేదా కాగితం మీద అలా ఉందని వింటాం. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి, మొదటిదాని చేతిలోంచి శిస్తు పుస్తకం తీసి మూడోదాని చేతిలో పెట్టింది. దసరా వెళ్ళిన మంగళవారం మాత్రం బురుజుకే దండం. మిగతా ఏడాదంతా సంతకం కోసం ఆఫీసు బెంచీ. నేనూ ఓ కాగితం కోసం ఓ బెంచీ మీద నాలుగుసార్లు కూర్చున్నాను. అది వేరే కబురు.

ఇంకొక చూపు మిగిలింది, గుంటకి అన్నిటికంటే ఇదే నచ్చింది. ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే ఆయన స్కాట్లండుకి ఉత్తరాన షెట్లండు దీవుల్లో ఓ చిన్న హోటల్లో మకాం పెట్టి, భోజనాల గదికి, వంటింటికి మధ్యనున్న తలుపు కేసి చూస్తూ కూర్చున్నాడు. తలుపు అవతల విసుక్కుంటున్న మనిషి ఇవతలకి రాగానే నవ్వుతాడు. మనమంతా ఇంతే, వీధిగదిలో ఒక వేషం, పెరట్లో ఇంకో వేషం అని 1950ల్లో పుస్తకం రాసేడు. పెద్ద పెద్ద వ్యవస్థల గొడవ వదిలేసి, ఇద్దరు మనుషులు ఎదురుపడ్డప్పుడు ఏం జరుగుతుందో చూసే పద్ధతి ఇది.

"గిరీశం!" అంది గుంట, నేనింకా నోరు తెరవకముందే.

మరే. బొంకులదిబ్బ దగ్గర ఒంటరిగా ఉన్నప్పుడు ఒక గిరీశం, వెంకటేశం ముందు మహాజ్ఞాని, పూటకూళ్ళమ్మ చీపురు తీస్తే మంచం కింద ఇంకో గిరీశం. గాఫ్‌మన్‌కి హోటలు దొరికితే మనకి నాటకం దొరికింది. నేనింకో మాట కూడా కలిపేను. గిడుగు పంతులు పర్లాకిమిడిలో ఉంటూ సవరల భాష నేర్చుకున్నాడు, వాళ్ళతో మాట్లాడి, వాళ్ళ మాటని వాళ్ళ నోటినుంచే రాసుకుని. అడవి జ్వరాలకి క్వినైను మింగి చెవుడు తెచ్చుకున్నాడని చెబుతారు. మనిషిని తెలుసుకోవాలంటే ముందు వాళ్ళ మాట వినాలని ఆయనకి ఎవరూ గైడు రాసివ్వలేదు.

ఈ కబుర్లన్నీ సంక్రాంతికి ముందువి. పండక్కి గుంట వాళ్ళ అమ్మమ్మగారి ఊరెళ్ళింది, రాజాం దాటి లోపలికి. నేను కాంప్లెక్సులో చూసిన గోతాల సంగతి చెబ్దామని ఎదురుచూస్తుంటే, అదే ఓ నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది. వలస వెళ్ళి పండక్కి వచ్చినవాళ్ళందర్నీ అడిగిందట, ఎందుకెళ్ళేరు, ఎన్నాళ్ళయింది, ఏం పని అని. పేరు, వయసు, ఊరు, పని, కారణం, స్కేలుతో గళ్ళు గీసి రాసింది. కోటలో గుమాస్తాలు కూడా ఇలాగే గీసుంటారు.

"బాగుందమ్మా. మరి ఈ కారణం గడిలో ఇన్ని కొట్టివేతలు ఎందుకున్నాయి?"

"అదేనండి గొడవ. ఆడోళ్ళని ఇంటికాడ అడిగితే, అత్త పక్కనుంటాది కదండీ, 'అప్పు' అంటారు. మళ్ళీ బోరు కాడ నీళ్ళకొచ్చినప్పుడు అడిగితే వేరే సెప్తారు. ఒకావిడైతే 'అక్కడైతే నా కూలి నా సేతికే వస్తాది' అంది. ఏది రాయాలో తెలక కొట్టేసేను."

"రెండూ రాయి."

స్కేలు అడిగింది. కారణం గడిని నిలువునా రెండుగా చీల్చి, ఒకదాని పైన 'ఇంటికాడ' అని, రెండోదాని పైన 'బోరుకాడ' అని రాసి, మొదటి పేరు నుంచి మళ్ళీ నింపడం మొదలెట్టింది.